గోడ మీద ఏడో ఫొటో

మా ఊళ్ళో కమ్యూనిటీ హాలు కట్టాక, వేదిక పక్క గోడకు ఊరి సంగీతకారుల ఫొటోలు పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఎవరివి పెట్టాలో తేల్చే పని నాకు అప్పగించారు. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. మార్టూరులో గ్రానైటు పలకలకు చదరపు అడుగులు కట్టే పని నాది. ఏ లెక్కయినా సొంతంగా నేర్చుకున్నదే. ముందు గోడ కొలిచాను. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య జానెడు వదిలితే ఏడు పడతాయి. అంతకు మించితే మొహాలు చిన్నవైపోతాయి.

తర్వాత మార్కులు పెట్టాను. ఎన్నేళ్ళు పాడారు లేదా వాయించారు, ఎన్ని ఊళ్ళు పిలిచాయి, ఎంతమందికి నేర్పారు. ఈ మూడే. సన్మానాలకు మార్కుల్లేవు. మా వైపు శాలువా కప్పించుకోవడానికి సంగీతం రానక్కర్లేదు.

మిరపకాయల కోతల్లో పాట ఎత్తుకునే ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడకు మూడో స్థానం వచ్చేసరికి కమిటీ అధ్యక్షుడు అడ్డుపడ్డాడు.

"ఒరేయ్ లెక్కలోడా, ఆవిడ స్టేజీ ఎప్పుడెక్కిందిరా?"

"ఎక్కలేదు పెదనాన్నా. కానీ ఆవిడ పాటలు నాలుగూళ్ళ ఆడవాళ్ళు పాడుతున్నారు. మన నాటకాల హార్మోనిస్టు నేర్పింది ఇద్దరికి."

హార్మోనిస్టు అధ్యక్షుడికి స్వయానా మేనమామ. "అయితే మా మామ ఆవిడ కిందనా?"

"కింద కాదు, పక్కన."

పక్కన అనేసరికి చల్లబడ్డాడు. చర్చిలో రెండు తరాలకు పాటలు నేర్పిన టీచరు, డప్పు వాయించే ఆయన, భజన మృదంగం, తత్వాలు పాడే ఆయన గొడవ లేకుండా కుదిరారు. ఏడో స్థానం సన్నాయి బాబాయిది. డెబ్బై దాటినా పెళ్ళిళ్ళకు వాయిస్తూనే ఉన్నాడు. మిగతా ఆరుగురూ కాలం చేసినవాళ్ళు. నా మార్కుల్లో ఆ తేడాకు చోటు లేదు.

ప్రారంభోత్సవం నాడు దండలు తెచ్చే ఆయన ఫ్రేములు లెక్కపెట్టి ఏడు గంధపు దండలు తెచ్చాడు. ఏడింటికీ వేశారు. బాబాయి తన ఫొటో కింద నిలబడి సెల్‌ఫోన్‌లో ఇంకో ఫొటో తీయించుకున్నాడు. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు.

కొన్నాళ్ళకు దర్శి నుంచి ఒక కుటుంబం పెళ్ళికి హాలు చూడటానికి వచ్చింది. వాళ్ళింట్లో అంతకుముందు పెళ్ళిళ్ళన్నిటికీ బాబాయిదే మేళం. దండ చూసి చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని, వెళ్ళి అద్దంకి మేళం మాట్లాడుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన పరామర్శకని బాబాయి ఇంటికి వెళ్ళాడు. బాబాయి అరుగు మీద కూర్చుని సన్నాయి తుడుచుకుంటున్నాడు.

సాయంత్రానికల్లా పిన్ని మా గుమ్మంలో ఉంది.

"ఏమయ్యా, నీ లెక్కల్లో నా పసుపుకుంకాలు కనపళ్ళేదా? బతికున్న మనిషికి దండేస్తారా?"

"ఇప్పుడే దండ తీసేయిస్తా పిన్నీ."

"దండ తీస్తే అయిపోద్దా? ఆ వరసలో అందరూ పోయినోళ్ళే. ఈయనొక్కడికి దండ కొనటానికి బద్ధకించారనుకుంటారు. ఫొటోనే తీసెయ్."

వెనకాలే బాబాయి వచ్చాడు. "తీయొద్దురా. నేను పోయాక పెడితే నేను చూడొస్తానా?"

"చూసింది చాల్లే. ఆ పెళ్ళి పోయింది. మాఘమాసంలో నిన్నెవరు పిలుస్తారు?"

ఫొటో తీస్తే బాబాయికి చిన్నతనం, ఉంచితే పని పోతుంది. ఎదురుగోడకు మారుద్దామంటే అక్కడ కరెంటు బోర్డు ఉంది. ఫొటో కింద 'జీవించి ఉన్నారు' అని రాయిద్దామన్నాను.

"అట్టా రాస్తే, ఇంకా ఉన్నాడా అని రోజూ వచ్చి చూసిపోతారు" అంది పిన్ని. మళ్ళీ తనే, "ఫోన్ నంబరు రాయించు. పోయినోళ్ళకి నంబరెందుకు?" అంది.

అప్పటిదాకా ఆయన్ని పిలిచిన ఊళ్ళనే నేను లెక్కపెట్టాను. ఇంకా పిలవబోయే ఊళ్ళు ఉంటాయని నాకు తట్టలేదు.

అధ్యక్షుడు ఒప్పుకోలేదు. "అది గౌరవమా, ఫ్లెక్సీనా? రేపు టెంటు హౌసువాడొచ్చి నాదీ రాయమంటాడు."

"టెంటుకు నా మూడింట్లోనూ మార్కులు రావు పెదనాన్నా."

"నీతో వాదించలేన్రా" అని వదిలేశాడు. దండ తీయించి, నంబరు అంకెలు వాకిట్లోంచి కూడా కనపడేలా పెద్దవిగా రాయించాను.

దర్శి పెళ్ళి అద్దంకి మేళంతోనే జరిగింది. పోయింది పోయినట్టే. కానీ మాఘంలో అదే హాల్లో ఇంకో పెళ్ళికి బాబాయిని పిలిచారు, ఆ నంబరు చూసే. భోజనాలకు లేచినవాళ్ళు ఒకసారి గోడకేసి, ఒకసారి ఆయనకేసి చూసి నవ్వుకుంటున్నారు. ఆయన ఎవరినీ పట్టించుకోలేదు. పంతులుగారి చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ, గట్టిమేళానికి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.