మావయ్య గారి కొరమీను జత

ఒక చిన్న అబద్ధం. అంత చిన్నది ఇన్నేళ్ళలో ఇంత బరువెలా ఎక్కిందో నాకే అర్థం కాదు. నేనెవరో మీకు తెలియదు, తెలియక్కర్లేదు కూడా. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది మీతో చెప్పుకుంటున్నాను. నవ్వొస్తే నవ్వండి. తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, ఆ వెనకే ఏడుపూ వస్తుంది.

పెళ్ళై రాయపూర్ వచ్చిన కొత్త. దేవేంద్ర నగర్‌లో అత్తవారిల్లు. మా ఆయన పొద్దున్నే ఉర్లాలో ఫ్యాక్టరీకి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. చుట్టుపక్కల అందరిదీ హిందీ. నాకేమో "అచ్ఛా" తప్ప ఇంకో ముక్క రాదు. అలాంటప్పుడు నాకు తోడుగా నిలిచింది మా మావగారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. కోడలినని కాకుండా కూతురికి చెప్పినట్టు కబుర్లు చెప్పేవారు.

ముందుగదిలో ఆయనకొక అక్వేరియం ఉండేది. రంగురంగుల చేపలుంటాయనుకుని తొంగిచూస్తే రెండు కొరమీనులు! ఆ జాతిలోనే చిన్న రకం, జానెడు కూడా ఎదగవు. ఇక్కడి వాళ్ళు కూర వండుకునే చేప. "పులుసు పెట్టుకునేవాటిని పెంచుతారేటి మావయ్యా!" అన్నాను నోరు జారి. ఆయన పడీపడీ నవ్వి, దాని రెక్క అంచున ఉన్న నారింజ గీతనీ, లోపలి నీలాన్నీ చూపించారు. అప్పటినుంచి నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

వాటిలో ఆడా మగా పోల్చడం కష్టమట. "తల వెడల్పుంటే మగది. దాని వీపు మీది రెక్క సాగుంటాది. ఇదిగో, దీని పొట్ట చూసేవా, గుండ్రంగా! ఇది ఆడది" అని అద్దానికి వేలు తగలనివ్వకుండా నేర్పారు. ఆయన స్నేహితుడు మిశ్రా గారు మాత్రం వచ్చినప్పుడల్లా ఏడిపించేవారు. "గార్డ్ సాబ్, దోనో నర్ హై!" రెండూ మగవేనని. పిల్లలు పుడితే తప్ప మావయ్య గారి మాట నెగ్గదు. దానికోసమే ఏళ్ళుగా చూస్తున్నారు.

ఆ వానాకాలం రెండు చేపలూ ఒకదాన్నొకటి చుట్టుకుని తిరగడం మొదలెట్టాయి. ఈసారి పిల్లలు తప్పవని మావయ్య గారు మిశ్రా గారితో గట్టిగా అనేశారు. సరిగ్గా అప్పుడే విజయనగరంలో దగ్గరవాళ్ళ పెళ్ళి. అత్తయ్య గారితో బయల్దేరుతూ తొట్టిని కన్నకొడుక్కి కూడా కాదు, నాకు అప్పజెప్పారు. దానిమీద తువ్వాలు కప్పి, "తీయకమ్మా, బెదురుతాయి. మగది కొన్నాళ్ళు తినకపోయినా కంగారు పడకు. అదేటంటే..." అని ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చేపలు జతకట్టే సంగతి కొత్త కోడలితో ఏ మావగారు మాట్లాడగలరు? నేనూ తలొంచుకుని వంటింట్లోకి పోయాను. ఆ జాతిలో గుడ్లని నోట్లో పెట్టుకుని మోసేది తండ్రి అనీ, మోసినన్నాళ్ళూ తిండి ముట్టదనీ నాకు తెలిసింది చాలా కాలం తర్వాత.

మగది నిజంగానే తినడం మానేసింది. మేత వేయబోతూ తువ్వాలు పక్కకి జరిపి చూస్తే గొంతు కింద ఇంత ఉబ్బు. తినకపోతే కంగారు పడొద్దన్నారు, సరే. వాపు సంగతి చెప్పలేదే! మా పుట్టింట్లో పిల్ల అన్నం మానేస్తే ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. సందెవేళ తువ్వాలు మొత్తం తీసేసి, గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పెట్టుకుని చేపకి దిష్టి తీశాను. నవ్వకండి. ప్రేమతోనే తీశాను. చేతినిండా పెళ్ళిగాజులు. తిప్పుతుంటే అద్దానికి ఠంగుమని తగిలాయి.

చేప అదిరిపడి నోరు తెరిచింది. పచ్చటి పూసల్లా గుడ్లు బయటికొచ్చి నీళ్ళమీద తేలాయి. అదే గబగబా వాటిని మళ్ళీ నోట్లోకి తీసుకుంది. హమ్మయ్య అనుకునేలోపే మింగేసింది. తెల్లారేసరికి గొంతు మామూలుగా ఉంది. తొట్టిలో ఒక్క గుడ్డు లేదు.

మావయ్య గారు వచ్చీరాగానే చెప్పులైనా విప్పకుండా అడిగారు.

"ఏటమ్మా, మగది తిండి మానేసిందా? గొంతేమైనా ఉబ్బిందా?"

"లేదు మావయ్యా. బాగానే తిన్నాయి."

"పక్కాయేనా?"

"పక్కా."

"అలాగా" అన్నారు. అంతే.

ఎందుకలా అన్నాను? తిడతారనా? ఆయన నన్ను ఒక్కనాడూ కసిరి ఎరుగరు. ఆ ఇంట్లో నన్ను నమ్మి మొదటిసారి ఒక పని అప్పజెప్పిన మనిషి ముఖం చిన్నబోవడం చూడలేక అన్నానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆయన దగ్గర నా ముఖం చిన్నబోకూడదని అన్నాను. వచ్చే వానల్లో మళ్ళీ పెడుతుందిలే అని కూడా అనుకున్నాను.

వచ్చే వానలదాకా ఆయన ఆగలేదు. మిశ్రా గారు వచ్చి నవ్వితే మొదటిసారి ఎదురు చెప్పలేదు. "నా కన్నే తప్పయ్యుంటాది" అన్నారు. రెండూ మగవైతే ఎప్పటికైనా కొట్టుకు చస్తాయని ఒకదాన్ని చెరువులో వదలడానికి బయల్దేరారు. స్కూటర్ వెనక కూర్చుని, చేప ఉన్న డబ్బా ఒళ్ళో పెట్టుకున్నది నేనే. దారంతా దాని గుండ్రటి పొట్ట నా కళ్ళముందే ఉంది. ఒక్క మాట చాలు, ఆయన బండి వెనక్కి తిప్పేవారు. నేను డబ్బా మూత ఇంకా గట్టిగా పట్టుకుని చెరువు దాకా వెళ్ళాను.

మిగిలిన మగది కొన్నేళ్ళు ఒంటరిగా బతికింది. తర్వాత మావయ్య గారు గప్పీలనే బుల్లి రంగు చేపల్ని తెచ్చుకున్నారు. "వీటిలో మగదానికే రంగుల తోకుంటాది, నాలాటోడు కూడా పోల్చగలడు" అంటారు. ఎవరైనా కొత్త చేప తెచ్చి చూపిస్తే నన్ను కేకేస్తారు. "నువ్వు చూడమ్మా. నా కన్ను నేను నమ్మను." తల చూస్తాను, వీపు మీది రెక్క చూస్తాను, పొట్ట చూస్తాను. ఆయన నేర్పిన గుర్తులే. నేనేం చెప్తే అదే ఖాయమంటారు, పైగా అందరితో గొప్పగా చెప్పుకుంటారు, మా కోడలి కన్ను తప్పదని.

ఇది రాస్తుంటే ముందుగదిలో గప్పీలకి నీళ్ళు మారుస్తూ వాటితో ఏవో కబుర్లాడుతున్నారు. లేచి వెళ్ళి చెప్తానా? తెలియదు. ఇన్నేళ్ళూ ఆగిన దాన్ని. కనీసం మీ ముందైనా ఒక్కసారి అననివ్వండి.

మావయ్యా, అది ఆడదే.