గుప్పిట్లో చీటీ

నాన్నగారికి రక్తం కేన్సరు ముదిరిపోయి, ఉన్న మందులన్నీ వాడినా లాభం లేకపోయేక, హైదరాబాదు ఆసుపత్రిలో ఏదో కొత్త మాత్రని పరీక్షిస్తున్నారంటే అందులో ఆయన్ని చేర్పించేం. నెలకోసారి అమలాపురంలో బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. "ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా మాస్టారూ?" అని డాక్టరుగారు కాగితాలు ముందేసుకుని అడిగేవారు. "ఆయ్, బాగానే ఉందండి" అనేవారు నాన్నగారు. పొద్దున్న మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా నూతి దగ్గర కూర్చుని కక్కుకునే మనిషి! నేను నోరు తెరవబోతే నా మోకాలు నొక్కేసేవారు.

బయటికొచ్చి దెబ్బలాడేను. "అంత మర్యాదగా అడిగే మనిషితో, మీ మందు పడట్లేదని మొహం మీద ఎలా చెబుతామమ్మా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నెలంతా ఆయనకి ఎప్పుడెప్పుడు వాంతులయ్యేయో ఒక చీటీ మీద రాసిపెట్టేను.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరుగారు, "పడనివాళ్ళకి మాత్ర ఆపేస్తున్నామండి. తట్టుకునేవాళ్ళకి రెండేసి ఇస్తున్నాం" అని చెప్పి, నా వైపు తిరిగేరు. "ఇంటి దగ్గర ఎలా ఉంటున్నారమ్మా?"

చీటీ నా గుప్పిట్లోనే ఉంది. ఈసారి నాన్నగారు నా మోకాలు నొక్కలేదు. ఆ ఒక్క మాత్రా ఆపేస్తే ఇంక మాకు వేరే మందేం లేదు.

"బాగానే ఉంటున్నారండి" అన్నాను.