తలపాగాలో ఆవు కొమ్ములు

కెనడాలోని బ్రాంప్టన్‌లో కాలేజీకి వెళ్లే బస్సు ఆ రోజుల్లో మన స్టూడెంట్లతో కిక్కిరిసి ఉండేది. ఓ ఉదయం నా పక్క సీట్లో ఒక ఆఫ్రికా పెద్దావిడ కూర్చుంది. నేల జీరాడే గౌను, అదే గుడ్డతో తల మీద రెండు పక్కలకీ చాచుకున్న తలపాగా. తమది నమీబియాలో హెరెరో తెగ అని, కూతురి గ్రాడ్యుయేషన్‌కి వచ్చానని చెప్పింది.

"మీ గౌను పాతకాలం దొరసానుల గౌనులా ఉంది ఆంటీ," అన్నాను.

"వాళ్లదే. జర్మన్ మిషనరీల భార్యలు మా ముత్తవ్వలకి అలవాటు చేశారు. తర్వాత జర్మన్ సైన్యమే మా వాళ్లని చంపి, ఆవుల్ని లాక్కుంది," అంది. తలపాగా కొసలు తడుముకుంటూ, "ఇవి మాత్రం మా ఆవుల గుర్తుగా మేమే పెట్టుకున్నవి. ఆవు కొమ్ములు. పెళ్లయిన ఆడవాళ్లం ఇవి లేకుండా గడప దాటం."

ఇంతలో కూతురు ఫోన్ చేసింది. మాట్లాడి పెట్టేశాక ఆవిడ మెల్లగా తలపాగా విప్పింది. కొమ్ములు నిలబడటానికి లోపల చుట్టిన న్యూస్‌పేపర్లు కనిపించాయి.

"ఫ్రెండ్స్ ముందు గౌను పర్వాలేదట. ఇది వద్దంటోంది."

ఉంచుకోండి ఆంటీ, అని నేను అనేలోపే కాలేజీ స్టాప్ వచ్చేసింది. దొరసానుల గౌనుతో ఆవిడ చలిగాలిలోకి దిగింది. కొమ్ములు సంచిలో ఉన్నాయి.