చెంపకు మ్యాచింగ్

ట్యూబులైటు కింద ఏ రంగునూ నమ్మకూడదు. సూరత్ అమ్రోలిలో నా మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చే ప్రతి ఆడమనిషికీ నేను చెప్పే మొదటి మాట అదే. చీర తెస్తారు, జాకెట్టు గుడ్డ కావాలంటారు. నేను గుడ్డ తాను విప్పి చీర అంచు మీద పరుస్తాను. అచ్చం అదే రంగని వాళ్ళు సంబరపడుతుంటే రెండూ చేతబట్టుకొని మెట్లు దిగి రోడ్డు మీదికి పోతాను. ఎండలో చూస్తే ఒకటి వంకాయ రంగు, ఇంకొకటి నేరేడు రంగు. మళ్ళీ లోపలికి, మళ్ళీ ఇంకో తాను. ఈ పనిలో పడ్డప్పటి నుంచి నా కంటికి ఒక జబ్బు పట్టుకుంది. బస్సులో పక్కామె జాకెట్టు చీరకు అరషేడు తేడాగా ఉన్నా నాకు కుదురు ఉండదు. ఆమె దిగిపోయేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంటాను.

అందుకే మా అమ్మాయి చెంప మీది మచ్చను మొదట చూసింది నేనే. ఎడమ కంటి కింద, శనగపప్పంత ఉంది. స్నానం చేసి పౌడరు సరిగ్గా తుడుచుకోలేదనుకొని కొంగుతో రుద్దాను. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దితే చుట్టూ ఎర్రబడింది కాని ఆ తెల్లదనం అట్లాగే ఉంది. అప్పుడు తను కాలేజీలో రెండో ఏడు చదువుతోంది.

డాక్టరు దాని పేరు చెప్పాడు. బొల్లి. ఈ మాట రాయడానికే నా చెయ్యి ఆగింది, ఇక నోటితో ఎట్లా అంటాను. ఇంట్లో నేను మచ్చ అనే అన్నాను. అంటుకునేది కాదు, మందు రాయండి, రంగు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, నెమ్మదిగా చూడాలి అని డాక్టరు చెప్పాడు. నెమ్మది అనేది మా వంశంలో లేదు. మా ఆయనది లూమ్స్‌లో పని. సాంచ మగ్గం మీద వేల పోగుల్లో ఒక్క పోగు తెగినా దూరం నుంచే పసిగట్టే మనిషి, బిడ్డ మొఖం చూసి మాత్రం గింతదానికి పరేషాన్ ఎందుకు, మందు రాస్తే పోతదిలే అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆయన నిదానం చూసి నాకు ఒళ్ళు మండింది.

నవరాత్రులు దగ్గరపడుతున్నాయి. మా సొసైటీలో రెండు బిల్డింగుల నడుమ ఖాళీ జాగాలో ప్రతి ఏడూ గర్బా ఆడతారు. అవే రోజుల్లో తెలంగాణ నుంచి వచ్చిన మా ఆడవాళ్ళం బతుకమ్మ ఆడతాం. నా చేతులకు బతుకమ్మ చప్పట్లు తప్ప ఇంకోటి రాదు. మా అమ్మాయి సూరత్‌లో పుట్టిన పిల్ల. నడక రాకముందే గర్బా తాళానికి చప్పట్లు కొట్టింది. ఆ ఏడు స్నేహితురాళ్ళతో కలిసి డాబా మీద కొత్త స్టెప్పు ఒకటి నేర్చుకుంటోంది. మచ్చ కనిపించాక డాబా ఎక్కడం మానేసింది. ఒకరోజు జుట్టు ముందుకు లాక్కొని చెంప కప్పుకుంటూ, ఈసారి కిందికి రానని చెప్పింది. ఏడవలేదు. కూర బాగుందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అది విన్నప్పటి నుంచి నేను కాలుగాలిన పిల్లినే. నా బిడ్డను ఆ గర్బా వలయంలో చూడాలి, నాకు ఇంకేమీ అక్కర్లేదు. జీవితమంతా రంగుకు రంగు కలిపిన దాన్ని, శనగపప్పంత మచ్చకు మ్యాచింగ్ దొరకదా అనుకున్నాను.

మొదట ఇంట్లో ఉన్న పౌడరు డబ్బానే తీశాను. మచ్చ పోయింది, దాంతోపాటు మొఖమంతా పోయింది. పిండి గిర్నీ నుంచి వచ్చిన మనిషిలా తయారైంది. తర్వాత ట్యూబులో దొరికే, మచ్చలు కప్పే పల్చటి కన్సీలర్ తెచ్చాను. పెట్టగానే ఎంత బాగా కలిసిపోయిందో. అన్నం ఉడికి నేను వంటింట్లోంచి వచ్చేసరికి అది నారింజ రంగుకు తిరిగింది. గాలి తగిలితే ఇది ముదురుతుందని నాకు ఎవరు చెప్పారు? ఒక షేడు తక్కువది తెస్తే మచ్చ మీద గులాబీగా తేలింది. స్టిక్కు రకం గట్టిగా కప్పింది కాని నవ్వితే చారలు పడ్డాయి. నవ్వకు అని బిడ్డతో అన్నాను. ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు.

పౌడర్లదీ అదే గోల. కాంపాక్టు అద్దితే కన్సీలరు ముద్దకట్టింది. రంగు ఉండదని చెప్పి అమ్మిన లూజ్ పౌడరు కంటికి బాగానే ఉంది, ఫోను ఫ్లాష్‌లో ఫోటో తీస్తే మాత్రం ఆ చెంప ఒక్కటే తెల్లగా వెలిగింది. పసుపు ఛాయ ఉన్న పౌడరు కాస్త నయం, మా చామనఛాయకు దగ్గరగా వచ్చింది. పఫ్‌తో రుద్దితే లేచిపోయేది, అద్ది కాసేపు వదిలేస్తే నిలిచేది. ఇవన్నీ తెలుసుకునేసరికి అద్దం ముందు బల్ల నా దుకాణం కౌంటరు కంటే అధ్వాన్నమైంది. తను మాత్రం ప్రతి సాయంత్రం కిటికీ దగ్గర గడ్డం పైకెత్తి కూర్చునేది, చిన్నప్పుడు తలకు నూనె పెడుతుంటే కూర్చున్నట్టు. కళ్ళు మూసుకునే ఉండేది.

నా ముంజేతి మీద ఎప్పుడూ షేడు చూడ్డానికి గీసుకున్న నాలుగైదు చారలు. దుకాణంలో ఎవరైనా నా మొఖంలోకి కాస్త ఎక్కువసేపు చూస్తే నా చెయ్యి నా చెంప మీదికే పోయేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. నా చెంప మీద ఏ మచ్చా లేదు.

నవరాత్రులకు ముందు ఒక ఆదివారం తనను వెంటబెట్టుకొని వరాఛా పోయాను. అక్కడ పెళ్ళి మేకప్‌లు చేసేవాళ్ళు సామాను కొనే పెద్ద దుకాణం ఉంది. కౌంటరు దగ్గరున్న గుజరాతీ బేన్, అంటే అక్క, ఓపిక గల మనిషి. ట్రే నిండా ట్యూబులు పెట్టి ఒక్కోటి మా అమ్మాయి చెంప మీద గీసింది. లోపల తెల్లటి లైట్లు, నలువైపులా అద్దాలు. ఏది గీసినా సరిపోయినట్టే ఉంది. అన్నీ సరిపోతున్నాయంటే ఏదీ సరిపోవడం లేదని నాకు తెలుసు. అరికాళ్ళు దురద పెట్టినట్టైంది. బిడ్డ చెయ్యి పట్టుకొని మెట్లు దిగి రోడ్డు మీదికి తీసుకొచ్చాను. బేన్ ట్రేతో సహా వెనకే వచ్చింది.

నడిమధ్యాహ్నం ఎండ. గడ్డం పట్టుకొని మొఖం సూర్యుడి వైపు తిప్పాను. చెంప మీద నాలుగు చారలు, నడుమ మచ్చ. ఒకటి ఎరుపుకు పోయింది. ఒకటి మరీ పసుపు. తక్కిన రెండిటి మధ్య ఎక్కడో ఉంది మాకు కావలసింది. మ్యాచింగ్ చూసే చోట దారిన పోయే ఆడది సలహా ఇవ్వకుండా పోదు, అది ఎక్కడైనా ఉన్నదే. కూరగాయల సంచితో పోతున్నామె ఆగి రెండోది బాగుందని చెప్పింది. స్కూటీ మీది అమ్మాయిలిద్దరు బండి ఆపి కాదు మూడోదన్నారు. బేన్ ఇంకోటి గీసింది. ఎదుటి టీ బండి దగ్గర వజ్రాలు సానపట్టే హీరా కారిగర్లు గ్లాసులు పట్టుకొని ఇటే చూస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆ కాసేపూ నాకు సంతోషంగా ఉంది. నెల రోజుల్లో మొదటిసారి పని కుదురుతోంది. రెండోదాంట్లో మూడోది కాస్త కలపాలని నేను అంటుంటే నలుగురూ అవునన్నారు.

అప్పుడే ఒక ముసలామె దగ్గరకొచ్చి కళ్ళు చికిలించి చూసింది. ఇది ఆ రోగమేనా అని గుజరాతీలో గట్టిగానే అడిగింది.

నా చేతిలో బిడ్డ గడ్డం బిగుసుకుంది. లోకం కంటబడొద్దని నెల రోజులు తిప్పలు పడ్డ మచ్చను నేనే తెచ్చి వరాఛా రోడ్డు మీద ఎండకు పట్టి, పదిమందిని పిలిచి చూపించాను. భూమి చీలితే బాగుండుననిపించింది, చీలలేదు, ట్రాఫిక్ పోతూనే ఉంది. మా అమ్మాయే ముసలామెకు జవాబిచ్చింది. అవును బా, అదే, అంటుకోదు అని, అవ్వను పిలిచినట్టు పిలిచి, వాళ్ళ భాషలో నెమ్మదిగా చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

“అయిందా అమ్మా? కొనుక్కొని పోదాం. ఎండ బాగ కొడుతున్నది.”

రెండు ట్యూబులు, ఒక పౌడరు కొన్నాను. ఆటో ఎక్కాం. నేను సంచి ముడి విప్పుతూ కడుతూ కూర్చున్నాను. తాపీ నది వంతెన మీదికొచ్చాక తనే అంది, “గర్బాకు వస్త. నువ్వు ఏది పెడితే అది పెట్టుకుంట.” నేను గెలిచాననుకున్నాను. ఆమె గొంతు ఎట్లా ఉందో అప్పుడు పట్టించుకోలేదు.

నవరాత్రుల మొదటి రోజు సాయంత్రం వెలుతురు ఉండగానే బాల్కనీలో కూర్చోబెట్టాను. రెండు ట్యూబులూ గోరంత గోరంత తీసి అరచేతిలో కలిపాను. వేలికొసతో పల్చగా అద్ది, ఆరనిచ్చి, మళ్ళీ అద్ది, పైన పసుపు ఛాయ పౌడరు పఫ్‌తో ఒత్తాను. పక్కకు జరిగి చూశాను. మచ్చ ఎక్కడుందో నాకే తెలియలేదు. ఇన్నేళ్ళ నా పనిలో అంత బాగా కుదిరిన మ్యాచింగ్ లేదు. అద్దం ఇచ్చాను. తను చూసుకుని అద్దం బోర్లా పెట్టి, గర్బాకు వేసుకునే చనియా చోళీ కుచ్చిళ్ళు సర్దుకొని కిందికి దిగింది.

నేను ఆ పౌడరు డబ్బా కొంగులో దాచుకొని, వలయం అంచున ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఢోలు మొదలైంది. మొదటి చుట్టులో చెంప బాగుంది. రెండో చుట్టులో మెరుపు కనిపించింది, చెమట పడుతోంది. ఎప్పుడు ఆపుతారా, ఎప్పుడు లోపలికి పోయి అద్దుదామా అని కుర్చీ అంచుకు జరిగాను. ఆ తర్వాతి చుట్టులో నా దగ్గరికి వచ్చేసరికి తను మొఖం అటు తిప్పుకుంది. కొత్త స్టెప్పులో అట్లా తిరగాలేమో అనుకున్నాను. మళ్ళీ వచ్చినప్పుడు చెయ్యి పైకి లేచి చెంపకు అడ్డం వచ్చింది. ఇంకోసారి చున్నీ.

అప్పుడు నా కుర్చీ దాటాక ఏం చేస్తుందో చూశాను. పక్క కుర్చీల వాళ్ళ ముందు మొఖం విప్పుకొని నవ్వుతోంది. ఎదురుగా ఆడుతున్న స్నేహితురాలు చున్నీ కొసతో మా అమ్మాయి మొఖం తుడిచింది, రంగంతా చున్నీకి అంటింది, ఇద్దరూ పగలబడి నవ్వారు. మచ్చ లైట్ల కింద బాహాటంగా ఉంది. ఎవరూ ఆగలేదు, ఎవరూ వేలు చూపలేదు, తను కూడా దాని ఊసు ఎత్తలేదు. చుట్టు తిరిగి నా దగ్గరికి రాగానే మళ్ళీ చెయ్యి లేచింది.

అంత మందిలో నా బిడ్డ మచ్చ దాచుకుంటున్నది నా ఒక్కదాని నుంచే.

కూర్చోలేకపోయాను. లేచి పోయి నీళ్ళ డ్రమ్ము వెనక, తనకు కనిపించని చోట నిలబడ్డాను. అక్కడి నుంచి నాకు ఢోలు వినిపించింది, ఆట కనిపించలేదు. తను చెంపకు అడ్డం పెట్టుకోకుండా ఆడాలంటే నేను చేయగలిగింది అంతే అనిపించింది.

పాట ఆగాక తను నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గ్లాసు నీళ్ళు తాగి, మిగిలినవి మొఖాన చల్లుకుంది. ఒగరుస్తోంది.

“ఎటు పోయినవ్ అమ్మా? కొత్త స్టెప్పు చూసినవా? నీ కుర్చీ ముందట్నే చేసిన, నువ్వు చూడాల్నని.”

నా ముందే చేసింది. మొఖం నాకు చూపించకుండా, కాళ్ళు నాకు చూపిస్తూ. నేను ఆ కాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నెల రోజుల నుంచి నేను చూసింది శనగపప్పంత చోటు మాత్రమే.

“చూడలే బిడ్డా” అన్నాను.

మరేం చూస్తున్నావని అడగలేదు. తనకు తెలుసు. తడి చెయ్యి మెల్లగా చెంప మీదికి పోబోయింది. సగంలోనే పట్టుకున్నాను. చల్లగా ఉంది.

“మళ్ల జెయ్. ఈసారి చూస్త.”

ఢోలు మళ్ళీ మొదలైంది. తను పరుగున వలయంలో కలిసింది. నేను కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చాను, కూర్చోలేదు. తను రెండడుగులు ముందుకు వేసి, ఒకటి వెనక్కి తీసి, కుడి మడమ మీద గిర్రున తిరిగి, వంగి చప్పట్లు కొట్టింది. నా ముందుకు వచ్చేసరికి అలవాటుగా చెయ్యి కొంచెం లేచింది, ఆగింది, చప్పట్లలోకి దిగింది. నా కళ్ళు చెంప మీదికే పోతున్నాయి. మాటిమాటికీ దించి, ఆ పాదాలు చూశాను.