కాశ్యప గోత్రపు స్కాట్లండు ఆటగాడు

ఉదయం ఏడుంబావుకు పక్కింటావిడ ఖాళీ చెత్తడబ్బాను లోపలికి లాక్కుంటూ కంచె దగ్గర ఆగారు. ఆస్ట్రేలియాలో మేముండే క్రెయిగీబర్న్‌లోని మా పెరట్లో మావారు పంచె కట్టుకుని కూర్చుని ఇత్తడి పళ్లెంలోకి నువ్వులూ నీళ్లూ వదులుతున్నారు. ఆ రోజు మహాలయ అమావాస్య. ఆవిడ ఎనభై దాటిన మనిషి. వాళ్ల పెద్దలు స్కాట్లండు నుంచి వచ్చారు.

"ఎవరికవి?" అని అడిగారు.

"పోయినవాళ్లకి. మా నాన్నకి, తాతకి. పిల్లలు లేకుండా పోయినవాళ్లకి కూడా ఇవ్వచ్చు," అన్నారు మావారు.

ఆ సాయంత్రం ఆవిడ ఒక ఫొటో తెచ్చారు. చారల జెర్సీ వేసుకుని చేతులు కట్టుకున్న యువకుడు. ఆవిడ తాతగారి తమ్ముడు. స్కాట్లండులోనే ఉండి, బొగ్గుగనిలో పనిచేస్తూ శనివారం మధ్యాహ్నాలు ఫుట్‌బాల్ ఆడేవాడట. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు జట్టులోని స్నేహితులతో కలిసి సైన్యంలో చేరాడు. ఫ్రాన్సు నుంచి రాసిన ఉత్తరాల్లో బురద సంగతి, భయం సంగతి ఉండేవి కావు. ఊరి జట్టు ఎన్ని గోల్స్ కొట్టిందో అడిగేవాడు. అక్కడే పోయాడు, శవం దొరకలేదు. పెళ్లి కాలేదు.

"ఇతని సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను," అన్నారావిడ.

మరుసటి ఏడు మావారు తర్పణంలో అతని పేరు కూడా చేర్చారు. ఆవిడ కంచె అవతల నిలబడి విన్నారు.

"గోత్రం అంటే ఏమిటి? క్లబ్బా?"

"అలాంటిదే. తెలియనివాళ్లకి కాశ్యప అని చెప్పుకుంటాం."

"అయితే చచ్చిపోయిన వందేళ్లకి క్లబ్బు మారాడు. వాళ్ల నాన్న ఒప్పుకునేవాడు కాదు."

మావారు నవ్వి, పేరు మళ్లీ చెప్పించుకున్నారు.

అలా ఐదేళ్లు సాగింది. తర్వాత ఆవిడ పోయారు. ఇల్లు అమ్మేశారు. కంచె అవతల వినేవాళ్లు లేకపోయినా మావారు మానలేదు. ఆయన పోయి ఇప్పటికి రెండేళ్లు.

మొన్నటి అమావాస్యకు మా అబ్బాయి పళ్లెం ముందు కూర్చున్నాడు. పురోహితుడు ఫోన్‌లో మంత్రం చెబుతున్నారు. తండ్రి పేరు అయ్యాక నేను ఆ సైనికుడి పేరున్న కాగితం అందించాను.

"ఇదెవరమ్మా?"

"నాన్న ఇచ్చేవారు. ఫుట్‌బాల్ ఆడేవాడు, యుద్ధంలో పోయాడు."

"హి ఈజ్ నాట్ ఈవెన్ అవర్స్, అమ్మా. తొమ్మిదికి మీటింగ్ ఉంది, ప్లీజ్."

వాడిని తప్పు పట్టలేను. తండ్రి పేరు దగ్గర వాడు ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. ఇంకొకరి చావు కూడా వాడి మీద పెట్టాలనిపించలేదు. ఆడవాళ్లు తర్పణం వదలకూడదంటారు. అయినా నేనే వదిలితే ఏమని చాలాసేపు ఆలోచించాను. వదలలేదు.

ఆ సైనికుడికి ఇప్పుడు ఎవరూ నీళ్లు వదలడం లేదు.