ముప్పై నాలుగు డిగ్రీల చలి

కోరుట్ల బస్టాండు ముందట ఏటా ఉగాది దాటంగనే ఓ తడకల పందిరి లేస్తది. అండ్ల ఆరు కుండలు, కుండల చుట్టు తడి గోనెపట్టలు, కుండల ఎనుక లస్మయ్య. ఆ చలివేంద్రంల నీళ్లు ముంచి పోసుడు ఆయన కొలువు. కని పదకొండేండ్ల సంది ఆయన చేసే అసలు పని వేరే. బస్సు దిగినోళ్ల బట్టలు చూసి తీర్పు చెప్తడు.

“గా అంగి ఏంది బాబూ, ఒంటికి అట్ల అతుక్కున్నది? వదులుది తొడుక్కో, లోపల గాలి ఆడాలె.”

“అమ్మా, పిల్ల చెవులు మూయి. వడగాలి చెవులల్ల నుంచే దూరుతది.”

జనం ముందు నవ్వేటోళ్లు, తర్వాత ఇనేటోళ్లు, ఇప్పుడు అడగనీకెనే వస్తున్నరు. వినకేం చేస్తరు? కథలాపూర్ దిక్కు పత్తి చేన్లల్ల, రోడ్డు పనులల్ల ముప్పై ఏండ్లు నిలబడి, ఒక్కనాడన్న ఎండకు కింద పడని మనిషాయె. ఆయన వేషమే ఆయన శాస్త్రం: నిండు చేతుల ముతక అంగి, దోతి, జేబుల ఉల్లిగడ్డ, నెత్తికి తడి తువ్వాల. తువ్వాల పది నిమిషాలల్ల ఆరుతది, ఆరే లోపల తలకాయను చల్లగ చేసి పోతది. మళ్ల తడుపుడే.

ఇదేం మోటు వేషమనుకునేటోళ్లు, ఎడారి దేశాలల్ల ఒంటెల మీద తిరిగేటోళ్లు మడమల దాక మందపాటి అంగీలు ఎందుకు తొడుగుతరో ఒకసారి ఆలోచించాలె. పొడి ఎండకు తోలు చూపియ్యొద్దు, దాచిపెట్టాలె. లస్మయ్య ఒంటెను సర్కసుల తప్ప చూడలేదు గని సూత్రం మాత్రం పట్టుకున్నడు. సూత్రం దొరికిన మనిషితోని ఉండే చిక్కు ఒక్కటే. దాన్ని ఎక్కడికి పడితే అక్కడికి మోసుకపోతడు. ఒంటెలను ఇగ ఇక్కడ్నే ఇడిసిపెడుదాం.

ఈ మే నెలల బిడ్డ మంజుల ఫోన్ చేసింది. ఆమె ఉండేది విశాఖపట్నంల. అల్లుడు వేణు అక్కడ హార్బరుల క్రేను నడుపుతడు.

“బాపూ, అవ్వను తీస్కొని రా. పల్సటి నూలు బట్టలు తెచ్చుకోండ్రి.”

“ఎండ ఎంతున్నది బిడ్డా ఆడ?”

“ముప్పై నాలుగు. కని ఉడ్కపోత...”

లస్మయ్య మిగిలింది ఇనలేదు. ఆనాడు కోరుట్లల నలభై ఐదు. ముప్పై నాలుగంటే ఆయన లెక్కల బతుకమ్మ దినాలు. రాత్రికి ఇంక దిగుతది. ఒడ్డు మీద గాలి కూడ ఉంటది. ముసలి పానాలు, చలి పెడ్తది. సముద్రం కాడికి పోయేటోళ్లు స్వెటర్లు పెట్టుకోవాలెనని పందిట్ల అందరికి ఇనవడేటట్టు తీర్పు చెప్పిండు.

ఎదురుంగ చాయ హోటల్ నర్సయ్య ఒకప్పుడు లారీ మీద కాకినాడ పోయొచ్చినోడు. ఆయన గిన్నె దించి రోడ్డు దాటొచ్చిండు.

“లస్మన్నా, అంకె చూసి మోసపోకు. ఆడ చెమట ఆరదు.”

“ఆరని చెమట లోకంల యాడనన్న ఉంటదానే?”

“ఉంటది. నేను చూసిన.”

“నాది తప్పయితే, అచ్చినంక ఈ పందిట్ల బట్టల ముచ్చట ఎత్తనే ఎత్తను. నువ్వే చెప్పు జనానికి.”

ఆటో డ్రైవర్లు నలుగురు ఈ మాటకు సాక్షులు. పదకొండేండ్ల పేరు రెండు స్వెటర్ల మీద పెట్టి లస్మయ్య ఇంటికి పోయిండు.

భార్య లక్ష్మవ్వ సంచి చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నది. స్వెటర్లు, రగ్గు, కోతి టోపి. “సముద్రం కాడికా, కాశ్మీరుకా మనం పోయేది?”

“నీకెర్కలేదు, మూట కట్టు.”

వరంగల్ల రైలెక్కిండ్రు. తెల్లారి అనకాపల్లి కాడ లస్మయ్య లేచేటాళ్లకు అంగి వీపుకు అంటుకపోయింది, కండ్లల్లకు నీళ్లు కారుతున్నయి. నలభై ఐదుల పొద్దంత నిలబడ్డా ఆయనకు చెమట కండ్లవడేది కాదు, పుట్టింది పుట్టినట్టే గాలి తాగేది. అందుకే ఆయనకు ఒక్కటే తోచింది.

“లక్ష్మీ, నాకు జరమొచ్చింది.”

“నాకూ అచ్చిందా మరి?” అన్నది లక్ష్మవ్వ, కొంగుతోని మెడ తుడుచుకుంట. “ఈ రైలు డబ్బ మొత్తానికి అచ్చిందా?”

మంజుల ఇంట్ల ఆయన ముందుగాల చేసిన పని తువ్వాల తడిపి నెత్తికి చుట్టుకునుడు. అది పదింటికి ఆరలేదు. పన్నెండింటికీ ఆరలేదు. “చూసినవా బిడ్డా, ఈడి నీళ్లు ఎంత గట్టియో!” అని మురిసిండు. మూడింటికి తువ్వాల నెత్తి మీద ఉడుకుడుకు అన్నం మూట లెక్కయ్యింది. కుండల నీళ్లు ముంచుకున్నడు, చల్లగ లేవు. “కుండ చేసినోడు మోసం చేసిండు” అన్నడు. వేణు నవ్వాపుకొని బయటికి పోయిండు.

రెండో నాడు మెడ చుట్టు చెమటకాయలు లేచినయి. ముతక అంగి పోయింది. తర్వాత ఉల్లిగడ్డ కూరలకు పోయింది. మూడో నాడు దోతి కూడ తొడలకు అతుక్కొని నడవనిస్తలేదని, వేణు ఒక నిక్కరు తెచ్చి, “మామా, ఇంట్లనే కదా, ఎవలు చూస్తరు?” అన్నడు. దాని మీద పసుపుపచ్చ పువ్వులున్నయి. అరవై నాలుగేండ్లల్ల మొదటిసారి లస్మయ్య మోకాళ్లు బయటి లోకాన్ని చూసినయి. ఫ్యాను కింద కూసున్నడు. హాయిగనే ఉన్నది. అదే ఆయన బాధ.

గప్పుడు మోగింది ఫోను.

“లస్మన్నా, నర్సయ్యను. జగిత్యాల మేడం ఒకామె అచ్చింది. ముసలి తల్లిని తీస్కొని రాత్రి రైలుకు వైజాగే వస్తరట. ఏం బట్టలు సదురుకోవాలెనో నిన్నే అడుగుతదట. స్పీకర్ పెట్టిన. ఆటోలోళ్లందరు ఇంటున్నరు. చెప్పు.”

ఎనుకనే ఆమె గొంతు: “పెద్దయ్యా, నా పేరు సుధ. పోయినేడు మీరు చెప్పినట్టు చేస్తేనే మా అమ్మకు వడదెబ్బ తప్పింది. ఇప్పుడు డెబ్బై ఆరు ఆమెకు. ముప్పై నాలుగే అంటున్నరు, స్వెటర్ పెట్టాల్నా?”

లస్మయ్య ఫోనును చెవికి దూరం పట్టుకున్నడు. సిగ్నల్ లేదనొచ్చు. తుఫాను పట్టింది, ఈసారి లెక్క వేరనొచ్చు. లక్ష్మవ్వ ఇసనకర్ర ఆపి ఆయన మొకమే చూస్తున్నది. ఆయన కండ్ల ముందటికి మాత్రం ముక్కుమొకం తెల్వని ఒక ముసలామె, మెడ దాక స్వెటరు గుండీలు పెట్టుకొని, అనకాపల్లి కాడ లేచి కూసున్నట్టు కండ్లవడ్డది.

“వద్దు బిడ్డా,” అన్నడు. “స్వెటర్ వద్దు. నేను తప్పు చెప్పిన. నర్సయ్య చెప్పిందే నిజం, ఈడ చెమట ఆరదు. గాలిలనే నీళ్లున్నయి, అది ఇంకేం తాగుతది? అమ్మకు ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు పెట్టు. పాలిస్టర్ ముట్టకు. మెడ మూయకు. తడి తువ్వాల అసలే వద్దు. రోజుకు రెండు జతలు ఎక్కువ పెట్టు, ఉతికినయి తొందరగ ఆరయి.”

ఆ దిక్కు నుంచి నర్సయ్య మెల్లగ అడిగిండు, “మరి నువ్వేం కట్టుకున్నవే ఇప్పుడు?”

లస్మయ్య కిందికి చూసుకున్నడు. “నిక్కరు.”

“పువ్వులది!” అని లక్ష్మవ్వ పక్క నుంచి కేకేసింది.

కోరుట్ల బస్టాండు నవ్వు విశాఖపట్నం దాక వచ్చింది. ఆ నవ్వు సద్దుమణిగే దాక ఆగి సుధ మళ్ల అడిగింది, “పెద్దయ్యా, చెప్పులెసువంటియి ఎయ్యాలె? గొడుగు పట్టాల్నా?”

“గది నర్సయ్యను అడుగు బిడ్డా. ఇగ సంది బట్టల ముచ్చట ఆయనదే. మాటంటే మాట.”

“నేనా?” అన్నడు నర్సయ్య. కాకినాడల ఆయన ఉన్నది ఒక్క దినం, అదీ లారీ కింద పండుకొని. “గొడుగంటే... గొడుగు... చెప్పులంటే...” తర్వాత ఏదో గిన్నె కింద పెట్టిన సప్పుడు. “నువ్వే చెప్పు లస్మన్నా, నా చాయ పొంగుతున్నది.”