అంటని జబ్బు

ఎడారి అంచున ఉన్న తోజర్ ఊరి ఖర్జూర తోటల్లో మగపూల పుప్పొడిని ఆడచెట్ల గెలల్లో దులిపే పని బెల్గాసెమ్‌ది. ఏటా వసంతం రాగానే అతనికి తుమ్ములు మొదలవుతాయి. వారం తిరిగేసరికి ముక్కు దిబ్బడేసి, బుగ్గలు సలిపి, పచ్చగా చీము కారుతుంది. అంటుజబ్బని తోటి కూలీలు అతని టీ గ్లాసు విడిగా, దూరంగా పెడతారు.

మొన్న ఆస్పత్రి నుంచి సంబరంగా వచ్చాడు. "ఇది ఎవరికీ అంటదట! పుప్పొడి సరిపడక ముక్కు లోపల వాచి, చీము పడుతోందట. ఈ ఏడు చెట్టెక్కొద్దంది డాక్టరమ్మ."

"అంటదా? మరింకేం బాబాయ్, రేపు పొద్దున్నే ఎక్కెయ్!" అన్నాడు మేస్త్రీ.

ముక్కుకు కట్టుకోడానికి గుడ్డపీలికైనా ఇవ్వని ఆ తోటలో, ఆ మాటకు అందరూ నవ్వారు. టీకి కూర్చున్న చాప మీద మాత్రం అతనికి చోటివ్వడానికి ఎవరూ జరగలేదు. బెల్గాసెమ్ నిలబడే టీ తాగాడు.